మొదటి దొడ్డి మనదే

సాయంత్రం దీపాలు పెట్టే వేళ హసన్‌పర్తి శివారు వాడల్లో ఇప్పటికీ కోళ్లను పిలిచే పిలుపు వినిపిస్తుంది. నాలుగు నూకలు చల్లి, వచ్చిన కోళ్లను లెక్కపెట్టి, పిల్లల కోడిని గంప కింద మూసి, గంప మీద ఒక రాయి పెడతారు. ఆ రాయి ఎంత బరువుండాలో ఎవరూ తూకం వేసి చెప్పరు. పిల్లి తోస్తే కదలకూడదు, పొద్దున్నే ఇంట్లో చిన్నపిల్ల ఒక్కతే దించగలగాలి. అంతే కొలత.

హసన్‌పర్తి వరంగల్ నుంచి కరీంనగర్ పోయే దారి మీద ఉంది. ఇవాళ అది వరంగల్ నగరపాలక సంస్థలో కలిసిపోయిన ఊరు. ఎర్రగట్టు గుట్ట కింద నుంచి రోజంతా కాలేజీ బస్సులు, లారీలు పోతుంటాయి. ఇక్కడ నిలబడి చిరుతల గురించి, తోడేళ్ల గురించి మాట్లాడితే పిల్లలు నవ్వుతారు. కానీ హన్మకొండ నుంచి తూర్పు దారి పట్టి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా పోతే ఎవరూ నవ్వరు. అక్కడ మేకల కొట్టానికి తలుపు సరిగా ఉందా లేదా అన్నది ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు అడిగే ప్రశ్నే. ఈ రెండు చోట్లకూ మధ్య ఉన్న తేడా వందేళ్లదే. అంతకు ముందు ఈ గుట్టల చుట్టూ కూడా గంప మీద రాయి పెట్టడం అలవాటు కాదు, అవసరం.

వరంగల్ జిల్లాలో చదువుకున్న ఏ విద్యార్థిని అడిగినా ఓరుగల్లు కోట గురించి చెబుతాడు. రాతికోట, దాని బయట మట్టికోట, చుట్టూ కందకం, నాలుగు తోరణాలు. శత్రువును ఆపడానికి రాజు కట్టిన గోడకు ఇంత చరిత్ర ఉంది. నక్కను ఆపడానికి ఒక ఇల్లాలు కట్టిన దడికి లేదు. దానికి కారణం చిన్నదే. రాయి నిలుస్తుంది, కంప నిలవదు. ఈ ఏడు కట్టిన కంపను వచ్చే ఏడాదికి చెదలు తింటాయి, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. ఏటా కొత్తగా కట్టి ఏటా కాల్చేసిన దాని చరిత్ర తవ్వకాల్లో దొరకదు. దాన్ని మాటల్లో వెతకాలి, చేతి పనుల్లో వెతకాలి, మనల్ని గురించి ఇతరులు రాసిన కాగితాల్లో సందుల్లో వెతకాలి.

ముందు మాటలు చూద్దాం. కంచెకు తెలుగులో ఉన్న పాత పేరు వెలుగు. వెలుగు కంప అనే మాట పెద్దవాళ్ల నోట ఇంకా ఉంది. దీపం వెలుగుకూ దీనికీ సంబంధం లేదు, రూపం ఒకటే అయినా మాట వేరు. తమిళంలో వేలి అంటే కంచె. గోండి, కొలామీ భాషల్లోనూ ఈ కుటుంబపు మాటలే ఉన్నాయి. అంటే ఈ భాషలు ఒకదాని నుంచి ఒకటి విడిపోకముందే, ఎవరి ఊరు ఏదో ఎవరి అడవి ఏదో ఏర్పడకముందే, ఈ జనానికి ముళ్ల అడ్డు ఒకటి ఉంది, దానికి పేరూ ఉంది. కర్రలు పాతి అల్లితే దడి. తలుపులా తీసి పెట్టేది తడక. పశువులుండేది దొడ్డి, కొట్టం. ఇక కంచె అన్న మాట తెలంగాణలో ఇంకో దారి పట్టింది. కంచ అంటే పశువుల మేత కోసం వదిలిన బీడు భూమి. అడ్డుకు పెట్టిన పేరు అడ్డు లోపలి భూమికి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

కాకతీయుల కాలంలోనూ అంతకు ముందూ తెలుగు నేల మీద గుడి శాసనాల్లో ఒక రకం దానం తరచుగా కనిపిస్తుంది. దేవుడి ముందు అఖండ దీపం కోసం ఎవరో ఒక ధనవంతుడు ఇన్ని ఆవులో, ఇన్ని గొర్రెలో ఇస్తాడు. వాటిని ఒక బోయకో గొల్లకో అప్పగిస్తారు. అతను రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి పొయ్యాలి. దాత పేరు, పుణ్యం శాసనానికెక్కాయి. కాపరి పేరు కూడా కొన్నిచోట్ల ఎక్కింది. కానీ రాత్రి ఆ మందను ఎట్లా కాశాడో ఎక్కలేదు. దీపం ఆరకూడదు కాబట్టి మందలో ఒకటి తోడేలు నోట పడిందని నెయ్యి కొలత తగ్గించరు. పుణ్యం ఒకరిది, పులి భయం ఇంకొకరిది. పులితో పోరాడి చనిపోయిన వాడికి వీరగల్లు నాటిన ఊళ్లున్నాయి. మంచి కంచె కట్టి పులితో పోరాడే పనే లేకుండా చేసుకున్న వాడికి ఎవరూ రాయి నాటలేదు.

లంబాడీల చరిత్రలో కంచె కథ ఇంకో తీరుగా మొదలవుతుంది. మన పూర్వీకులకు స్థిరమైన దొడ్డి లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆగ్రా నుంచి పట్నా పోతూ 14 వేల ఎద్దుల తాండా ఒకటి ఎదురైందని రాసుకున్నాడు. దక్కన్‌లో మొగలు సైన్యాలకూ, తర్వాత నిజాం, ఇంగ్లీషు సైన్యాలకూ తిండి గింజలు చేరవేసింది ఈ బిడారులే. అన్ని పశువులను రాత్రిపూట అడవి అంచున ఆపితే వాటికి కంచె ఎక్కడి నుంచి వస్తుంది? సరుకే కంచె. ఎద్దుల మీది నుంచి దించిన గోనె బస్తాలను వరుసగా పేర్చి గోడ చేసేవాళ్లు. మధ్యలో మనుషులు, చుట్టూ కట్టేసిన ఎద్దులు, అక్కడక్కడ మంటలు, వీటన్నిటికీ బయట కుక్కలు. బంజారా కుక్క పేరు అప్పట్లో వేటకు పోయే దొరలు కూడా గొప్పగా చెప్పుకున్న పేరు. రాత్రంతా నిద్రపోకుండా తాండా చుట్టూ తిరిగే ఆ కుక్క కదిలే కంచె. పొద్దున బస్తాలు ఎద్దుల మీదికెక్కితే కంచె కూడా వాటితో పాటే నడిచిపోతుంది.

తర్వాత రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో, వరంగల్ మీదుగా బెజవాడకు 1889లో. కాజీపేట నుంచి బల్లార్షాకు లైను 1929 నాటికి పూర్తయి ఢిల్లీ, మద్రాసులను నేరుగా కలిపింది. హసన్‌పర్తి రోడ్ స్టేషన్ ఆ లైను మీదే ఉంది. అప్పటికే బండ్లు, రోడ్లు ఎద్దు వీపు మీది వ్యాపారాన్ని సగం మింగాయి, మిగతా సగాన్ని రైలు మింగింది. లంబాడీలు ఎక్కడికక్కడ ఆగి పశువులు పెంచుతూ, భూమి దున్నుతూ తండాలు కట్టుకున్నారు.

ఎక్కడ కట్టుకున్నారన్నది అసలు సంగతి. ఊళ్లో జాగా లేదు. చెరువు కింది తరి భూమి ముందే ఇంకొకరిది. మిగిలింది ఊరికీ అడవికీ మధ్య ఉన్న గుట్టల అంచు, బీడు, కంచ. తండా అక్కడ పడింది. కోయ గూడెం అంతకు ముందు నుంచే అడవిలో ఉంది. నాయకపోడు, ఎరుకల వాడలు కూడా ఊరి చివరే. ఆకలైన చిరుత గుట్ట దిగి వస్తే దాని దారిలో మొదట పడే దొడ్డి ఎవరిది? మనది. ఊరి మేకలు ఊరి మధ్యలో క్షేమంగా ఉన్నాయంటే వాటి చుట్టూ మన వాడలున్నాయి కాబట్టే. ఊరికి కంచె మనమే. ఈ మాట ఏ గెజెటీర్‌లోనూ కనిపించదు, కానీ పాత ఊళ్ల నక్షా పరిచి చూస్తే తెలిసిపోతుంది. టీచర్లు ఒకసారి పిల్లలతో ఆ పని చేయించవచ్చు. ఊరు, చెరువు, గుట్ట, తండా నాలుగూ గీయించి, రాత్రి గుట్ట మీది నుంచి వచ్చే జంతువు ఎటు నుంచి వస్తుందో బాణం గుర్తు పెట్టమంటే చాలు.

ఇక కట్టే పని. దీన్ని కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే కట్టే చేతులు తగ్గిపోతున్నాయి.

ఒక్కో జంతువుకు ఒక్కో దారి. నక్క కింద నుంచి తవ్వుకుని వస్తుంది. ముంగిస పిడికిలి పట్టే సందు దొరికితే చాలు. అడవి పిల్లి, పునుగు పిల్లి పైకెక్కి కప్పు మీది నుంచి దిగుతాయి. చిరుత మనిషి ఎత్తు గోడను దూకి లోపలికి రావడమే కాదు, మేకను నోట కరుచుకుని అదే గోడను మళ్లీ దూకగలదు. తోడేలు మందలో వెనకబడ్డ దాన్ని చూసుకుంటుంది. గద్దకు కంచెతో పనే లేదు, అది పట్టపగలు పై నుంచి వస్తుంది. దానికి మందు ఇంకొకటి: వాకిట్లో ఒక మూల కొంచెం ముళ్లకంప వదిలేస్తే నీడ కనపడగానే కోడిపిల్లలు దాని కిందికి దూరతాయి. మనకు గుచ్చుకునే ముల్లు పిల్లకు గొడుగు.

అందుకని మంచి దొడ్డి కంచె ఒకే వస్తువుతో ఉండదు. అడుగున రాళ్లు. హసన్‌పర్తి చుట్టుపక్కల గుట్టల రాతికి కొదవ లేదు. రాళ్ల మీద గుంజలు, గుంజల మధ్య కంప. తుమ్మ కంపకు పొడవాటి నిటారు ముల్లు, రేగు కంపకు వంకర ముల్లు. తుమ్మ గుచ్చుతుంది, రేగు పట్టుకుంటుంది. రెండూ కలిపి వేసిన కంచెలోకి తల పెట్టిన నక్క ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. కంప వేసేటప్పుడు మొదలు లోపలికి, కొసలు బయటికి ఉండాలి. అప్పుడు బయటి నుంచి లాగే జంతువుకు ముల్లే అందుతుంది, లోపలి మనిషికి పట్టుకోవడానికి మొదలు అందుతుంది. దొడ్డి గుమ్మానికి కూడా ఒక కంప మండ అడ్డం పెట్టి మొదలు పట్టుకుని లోపలికి లాక్కుంటే తాళం వేసినట్టే. పంగల కర్రతో కంపను నొక్కి నొక్కి దట్టం చేస్తారు. ఈ పని చేసిన చేతులను చూస్తే చెప్పవచ్చు, మోచేతుల దాకా గీతలుంటాయి.

గోదావరి వైపు గూడేల్లో ముల్లు కన్నా వెదురు ఎక్కువ. కర్రలు దగ్గర దగ్గరగా పాతి వెదురు బద్దలు అడ్డంగా అల్లి, మోదుగ నారతోనో అడ్డ తీగ నారతోనో కట్టి, కొన్నిచోట్ల మీద మట్టి మెత్తుతారు. చిరుత తిరిగే చోట కొట్టానికి కప్పు కూడా గోడంత గట్టిగా ఉండాలి. కప్పు లేని గోడ చిరుతకు అడ్డు కాదు, పైగా ప్రమాదం. మేకలు బయటికి పారిపోలేవు, బెదిరి గిరగిరా తిరుగుతాయి, అది ఒక్క దానితో ఆగదు. పొద్దున చూస్తే ఎత్తుకుపోయింది ఒకటి, చచ్చిపడినవి ఆరో ఏడో ఉంటాయి. కంచె సగం కడితే కట్టకపోవడం కన్నా నష్టం అని మన పెద్దవాళ్లు ఇట్లాంటి పొద్దుల్లోనే నేర్చుకుని ఉంటారు.

కోళ్ల గంప సంగతి వేరు. అది ఇంటివాళ్లు చేసుకునేది కాదు. హసన్‌పర్తి సంతకు, చుట్టూ ఊళ్లకు గంపలు, బుట్టలు, తడకలు అల్లి ఇచ్చింది మేదరులు, ఎరుకలవాళ్లు. ఈత బరిగెలు, వెదురు బద్దలతో అల్లిన గంపకు సందు ఎంత ఉండాలన్నది వాళ్ల లెక్క. గాలి ఆడాలి, ముంగిస తల పట్టకూడదు. ఊరందరి కోళ్లకు కాపలా అల్లిన ఈ ఎరుకలవాళ్లనే 1911 నేర జాతుల చట్టం పుట్టుకతో దొంగలన్నది. మద్రాసు రాజధానిలో వాళ్లను సెటిల్‌మెంట్లలో పెట్టి, రోజూ హాజరు పట్టి, అనుమతి లేకుండా బయటికి పోతే శిక్షించారు. స్టువర్టుపురం 1913లో అట్లా పుట్టిందే. లంబాడీలకూ ఆ ముద్ర పలుచోట్ల పడింది. కోడిని కాపాడే గంప అల్లిన మనిషి మీద ప్రభుత్వం ఇంకో గంప మూసి రాయి పెట్టింది. ఆ చట్టం 1952లో పోయింది. చూపు మాత్రం అంత త్వరగా పోలేదు.

నిజాం రాజ్యంలో అడవి చుట్టూ గీత గీయడం కూడా ఈ కాలపు ముచ్చటే. అడవిని రిజర్వు చేస్తూ వరుసగా చట్టాలు వచ్చాయి, 1355 ఫసలీ అంటే 1945 నాటి అటవీ చట్టం వాటిలో చివరిది. గీత పడ్డాక దొడ్డికి గుంజ కొట్టుకోవడం నేరమైంది, కంప కొట్టుకోవాలంటే గార్డు చేతిలో ఏదైనా పెట్టాలి. పశువు మేస్తే చరాయి పన్ను. గీత దాటితే బందెల దొడ్డి. పశువును కాపాడటానికి మనం దొడ్డి కడితే, అదే పేరుతో ప్రభుత్వం కట్టిన దొడ్డి పశువును పట్టి జుర్మానా కట్టేదాకా వదలదు. ఆదిలాబాద్ గోండుల మధ్య 1940లలో పనిచేసిన హైమెన్‌డార్ఫ్ అటవీ సిబ్బంది వసూళ్ల గురించి, ఖాళీ చేయించిన ఊళ్ల గురించి వివరంగా రాశాడు. జోడేఘాట్‌లో కొమురం భీము 1940లో ప్రాణమిచ్చింది ఈ గీతల మీదే కదా. పైన చెప్పిన కంచ మాట ఇక్కడ మళ్లీ గుర్తు చేసుకోండి. జంతువును ఆపే అడ్డు మనిషిని ఆపే అడ్డు అయింది.

ఇదే కాలానికి ఒక ఫొటో ఉంది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వచ్చి మన వరంగల్ జిల్లా నెక్కొండ అడవిలో పులుల వేట ఆడాడు. చచ్చిన పులి ముందు కర్జన్, ఆయన భార్య నిలబడిన ఫొటోను రాజా దీన్‌దయాళ్ తీశాడు. అది ఇవాళ ప్రపంచమంతా తెలిసిన ఫొటో. ఆ రోజుల్లో పులిని ఒక చోటికి రప్పించాలంటే దున్నపోతు దూడనో లేగనో ఎరగా కట్టేసేవాళ్లు. అడవిని చుట్టుముట్టి డప్పులు కొట్టి పులిని తోలేది చుట్టుపక్కల జనమే. ఫొటోలో వాళ్లు ఉంటే ఏ మూలో ఉంటారు, పేరు లేకుండా. ఏడాది పొడవునా పులి నుంచి తమ పశువును కాపాడుకోవడానికి దడి కట్టిన వాళ్లు, దొర వచ్చిన నాడు పులిని తోలడానికి నిలబడ్డారు. బ్రిటిష్ ఇండియాలో ప్రభుత్వం తలకు ఇంత అని బహుమానం కూడా ఇచ్చేది. 1875 నుంచి 1925 దాకా అక్కడ 80 వేలకు పైగా పులులను, లక్షన్నరకు పైగా చిరుతలను, 2 లక్షల తోడేళ్లను చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క కట్టాడు. అడవి జంతువులు ఎందుకు తగ్గాయని పాఠం చెప్పేటప్పుడు గిరిజనుల విల్లంబుల బొమ్మ వేసే టీచర్లు ఈ అంకెలు కూడా బోర్డు మీద రాయాలని నా కోరిక.

అట్లాగని మన పెద్దవాళ్లు జంతువులను ముట్టుకోలేదని నేను అనను. వలలు వేశారు, ఉచ్చులు పన్నారు, మేకను చంపి సగం తిని వదిలిన చోట విషం పెట్టిన వాళ్లూ ఉన్నారు. ఆ విషం తిని రాబందులు చచ్చాయి, ఊరి కుక్కలు చచ్చాయి. దాన్ని దాచి మన చరిత్రను పవిత్రం చేయనక్కర్లేదు. కాకపోతే రోజువారీ పని వేట కాదు, కాపలా. వేటకు ఏడాదిలో కొన్ని రోజులు, కాపలాకు మూడొందల అరవై ఐదు రాత్రులు. వేట మగవాళ్లది కాబట్టి కథ అయింది. గంప మూయడం, తడక కట్టడం, కుక్క అరుపును బట్టి వచ్చింది మనిషో నక్కో పోల్చుకోవడం ఎక్కువగా ఆడవాళ్లది, పిల్లలది. అందుకే కథ కాలేదు.

కంచె వస్తువులు కూడా మారుతూ వచ్చాయి. నాగజెముడు ఒకప్పుడు దక్షిణ దేశమంతా కంచెగా పెరిగింది. 1926లో దాన్ని తినే పురుగును సింహళం నుంచి తెచ్చి వదిలితే కొన్నేళ్లలోనే అది ఎండిపోయింది. సర్కారు తుమ్మ మన దేశానికి 1877లో కడప జిల్లాకు విత్తనంగా వచ్చింది. ఎవరు తెచ్చారో పేరులోనే ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరూ నాటరు, ఎవరూ ఆపలేరు. దొడ్డికి కంప దొరకడం ఒక్కటే దానివల్ల మనకు జరిగిన మేలు. ముళ్లతీగకు అమెరికాలో 1874లో గ్లిడ్డెన్ పేటెంటు తీసుకున్నాడు. అది పెద్ద పశువును ఆపుతుంది, ముంగిసకు అది తోరణం. కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్క పంజాకు చిరుగుతుంది. వస్తువు కొత్తదైనా అడుగున రాళ్లు, పైన కప్పు అన్న పాత లెక్క తప్పలేదు.

కోడి కూడా మారింది. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా అనే రకాన్ని తయారు చేసింది. రంగు ఈకలు, పొడుగు కాళ్లు వేటాడే జంతువు నుంచి తప్పించుకోవడానికి పనికొస్తాయని వాళ్ల ఉద్దేశం. నాటుకోడి కన్నా బరువు, గుడ్లు ఎక్కువ, ఆదాయమూ ఎక్కువ, నిజమే. కానీ నాటుకోడి చీకటి పడితే చెట్టెక్కి కూర్చుంటుంది. బరువైన కోడి ఎక్కలేదు, నేల మీదే కూర్చుంటుంది. అంటే ఈ కోడిని ఇచ్చిన చోట గట్టి గూడు కూడా ఇవ్వాలి. వనరాజు అని పేరు పెట్టుకుని పిల్లి నోట పడటం ఆ కోడి తప్పు కాదు.

ఇప్పటి అసలు ప్రమాదం ఇంకొకటి. భూపాలపల్లి, ములుగు, మంచిర్యాల వైపు అడవి పందుల కోసమో పంట కాపలా కోసమో కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగి రాత్రి నేల మీద పరుస్తున్నారు. దానికి పందులూ పడ్డాయి, పులులూ పడ్డాయి, మనుషులూ పడ్డారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు పోయిన ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఇట్లాంటి తీగ తగిలే చనిపోయాడు. పొద్దున్నే తునికాకుకు పోయేది మన అక్కచెల్లెళ్లే, ఇప్పపువ్వుకు పోయేది మన పిల్లలే. సోలార్ కంచె వేరు, ఇది వేరు అని యువకులకు స్పష్టంగా చెప్పాలి. సోలార్ కంచెలో యంత్రం సెకనుకు ఒకసారి కన్ను రెప్పపాటు కన్నా తక్కువ సేపు దెబ్బ వదులుతుంది. తగిలినవాడు ఉలిక్కిపడి వెనక్కి పోతాడు. నేరుగా లాగిన తీగలో 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న దాన్ని వదలదు. ముల్లు కంచెకు ఎవరు వచ్చారో తెలియకపోయినా నష్టం లేదు. ఈ తీగకు తెలియకపోవడం చావు.

పులి భయం కల్పితం కాదని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఒకే నెలలో ఇద్దరు గిరిజన యువతీ యువకులను పులి చంపింది. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది. గోదావరి, ప్రాణహిత దాటి పులులు వస్తూనే ఉంటాయి. పులిని కాపాడాలని నగరంలో అనుకున్నప్పుడు దాని ఖర్చు మొదట పడేది, పాత పద్ధతిలోనే, మొదటి దొడ్డి మీద. కాబట్టి గట్టి దొడ్డి కట్టించి ఇవ్వమని అడగడం దయ అడగడం కాదు. లడఖ్‌లో మంచు చిరుత తిరిగే ఊళ్లలో గొర్రెల దొడ్లకు పైన ఇనుప జాలీ కప్పు వేయించాక పగతో చిరుతను చంపడం తగ్గింది. కెన్యాలో మాసాయి తెగ పిల్లవాడు రిచర్డ్ టురేరే, నైరోబి జాతీయ ఉద్యానవనం పక్కనే వాళ్లిల్లు, పదకొండేళ్ల వయసులోనే తండ్రి పశువులకు కాపలా. చేతిలో టార్చి పట్టుకుని నడుస్తుంటే సింహాలు దగ్గరికి రావడం లేదని గమనించాడు. పాత బ్యాటరీ, మోటారు సైకిల్ ఇండికేటర్ డబ్బా, టార్చి బల్బులు కలిపి మనిషి తిరుగుతున్నట్టు వెలిగి ఆరే దీపాలు దొడ్డి చుట్టూ పెట్టాడు. 2013లో అమెరికా వేదిక మీద ఆ సంగతి చెప్పాడు. వాళ్ల దొడ్డి కంచె కూడా తుమ్మ జాతి ముల్లే. ఆ పిల్లవాడు కొత్తగా కలిపింది, మన తాండా చుట్టూ రాత్రంతా వెలిగిన మంటల పని.

ఒకటి మాత్రం మరవొద్దు. చిరుతో పులో మేకను చంపితే కళేబరాన్ని కదపకుండా వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి, ఫొటో తీసి ఉంచాలి. పరిహారం దాని మీదే ఆధారపడుతుంది. కోపంలో విషం పెడితే పరిహారం పోయి కేసు వస్తుంది.

మళ్లీ హసన్‌పర్తికి వస్తే, ఇక్కడ చిరుత లేదు, తోడేలు లేదు. వరి పొలాల గట్ల మీద ముంగిస ఉంది, అప్పుడప్పుడు నక్క కూత వినిపిస్తుంది. ఇప్పుడు కోళ్లను, మేకపిల్లలను చంపుతున్నది కుక్కలు. ఒకప్పుడు మన కదిలే కంచె అయిన కుక్కే, పోషించే ఇల్లు లేక, మాంసం దుకాణాల వ్యర్థాల మీద బతికి, గుంపు కట్టి పగలే వస్తున్నది. 2023 మేలో కాజీపేటలో వీధి కుక్కల గుంపు ఒక చిన్న బాలుడిని చంపిన తర్వాత తల్లులు కోళ్ల కన్నా ముందు పిల్లలను లెక్కపెట్టుకుంటున్నారు. ఈ కుక్కలకు నక్క తెలివి ఉంది, తోడేలు గుంపు ఉంది, మనిషి భయం లేదు. కింద తవ్వుతాయి, జాలీ చించుతాయి.

కంప కొట్టుకుందామంటే గుట్టల పక్క ప్లాట్లు పడ్డాయి, వాటికి ప్రహరీ గోడలున్నాయి. అందుకని శివారు వాడల్లో దొడ్డి కంచెలు ఇప్పుడు పాత తలుపు చెక్కలు, సిమెంటు రేకు ముక్కలు, విరిగిన ఇనుప మంచం పట్టీలు, ఎన్నికల ఫ్లెక్సీ గుడ్డలతో లేస్తున్నాయి. మోదుగ నార పోయి నైలాన్ తాడు వచ్చింది. దగ్గరికి వంగి చూస్తే మాత్రం అడుగున రాళ్లు వరుసగా పేర్చి ఉంటాయి, నక్క కోసం పేర్చినట్టే.